ఆంజినమ్మ వేలిముద్ర

"అట్లే రాయి పాపా. ఆరోగ్య కేంద్రం పెద్ద డాక్టరుకు, వీరప్ప రాయించేదేమంటే... రాసినావా?"

"అది ఎప్పుడో రాసినా తాతా. నువ్వింత నిదానంగా చెప్తే పొద్దు గూకుతాది" అంది మనవరాలు ఈశ్వరి.

వారం కిందట ఈశ్వరి ఫోనుకు ఓ మెసేజి వచ్చింది. వీరప్ప భార్య ఆంజినమ్మకు బీపీ, షుగరు, నోటి పరీక్షలు అయిపోయాయట. అంతా బాగుందట. ఆమె అంగీకారానికి ధన్యవాదాలట.

వాళ్ల వీధికి పరీక్షల వాళ్లు వచ్చిందే లేదు. విచారిస్తే వీధిలో అందరికీ 'బాగుంది' అనే రాసుకున్నారు. నాలుగు నెలలుగా నోట్లో పుండుతో ముద్ద మింగలేకపోతున్న వీరప్ప తమ్ముడు లింగన్నకు కూడా. లింగన్న ఆరోగ్య కేంద్రం వాళ్లు పెట్టిన పరీక్షల క్యాంపుకు పోతే, "నీకు అయిపోయింది, మళ్లీ వచ్చే ఏడాదే" అని తిప్పి పంపారు.

వీరప్ప బస్సెక్కి ఆరోగ్య కేంద్రానికి పోయాడు. కంప్యూటరు దగ్గరున్న ఆనంద్ అతన్ని కూర్చోమనలేదు.

"ఆంజినమ్మ ఒప్పుకొనే వేలిముద్ర ఏసినాది పెద్దాయనా."

"యాడ? చూపిచ్చు."

"ఒకరి రిపోర్టు ఇంకొకరికి చూపిచ్చకూడదు. మొగుడైనా సరే. అది ఆమె హక్కు. ఆమెనే రమ్మను."

"ఆమె రాదప్పా. చేను ఇడిసి యాడికీ రాదు."

"అట్లయితే మేమేం చేసేకి లేదు."

ఆ మాట వీరప్పను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. నాలుగో రోజు మనవరాలి చేతికి కలం ఇచ్చాడు.

"రాయి. మీ పిల్లోడు చెప్పింది న్యాయమే. ఆమె రిపోర్టు ఆమెదే, నాకెందుకు? మీరే రాండి. మిషన్లన్నీ ఎత్తుకొని రాండి. ఆమె ముందర నిలబడి, ఎవరికి వేలు ఇచ్చినావని అడగండి. ఇచ్చినా అంటే మీ కాళ్లకు మొక్కుతా. అనలేదా, లింగన్నతో మొదలుపెట్టి మా వీధి వీధంతా చూసినాకనే మీ బండి కదలల్ల."

"బెదిరించినట్టుంది తాతా."

"ఉండనీ. నేను బెదిరిచ్చేదే గదా."

"అసలు సంగతి రాసేస్తే పోలా?"

"రాస్తే ఆడనే కూర్చొని దిద్దుకుంటారు మే. ఈడికొచ్చి కండ్లారా చూడల్ల."

వీరప్ప బొటనవేలికి సిరా పూసుకుని, కాగితం అడుగున గట్టిగా అదిమాడు. ఆరేదాకా ఊదాడు.

"రేపు బస్సులో నేనే తీసకపోతా. ముందు నువ్వు పోయి మీ అవ్వకు చదివి వినిపిచ్చు. ఆమె పేరు మింద పోయే కాయితం ఆమెకు చెప్పకుండా పోగూడదు."

ఈశ్వరి చేనికి పోయి, శెనక్కాయ సాళ్ల చివర కూర్చుని, మూడేళ్ల కిందట తాత కట్టించిన అవ్వ సమాధికి ఆ కాగితం మొదటి నుంచి చదివి వినిపించింది.