దగ్గు స్టెప్పు

"దగ్గు వినపడగానే అందరూ గుండె పట్టుకుని దగ్గాలి. అదే స్టెప్పు!" అన్నాడు డాన్స్ మాస్టరు.

రేపు అరకులో సినిమా గాయకుడి కచేరీ. ఆయన వెనకాల థింసా ఆడటానికొచ్చిన బుద్రి పాట మోగుతున్న స్పీకర్ వైపే చూస్తోంది.

"ఈ పాట నాది బాబూ. ఊడుపుల్లో పాడతంటే మీ సింగరుబాబు పోన్లో పట్టుకెళ్లినాడు."

"ఇప్పుడు గొంతు ఆయనదమ్మా. మీ ఊళ్లో రికార్డు చేసినదాంట్లోంచి ఈ దగ్గొక్కటే ఉంచాం. దానికే జనం వెర్రెత్తిపోతున్నారు."

స్పీకర్లో మళ్లీ దగ్గు వినిపించింది. నిరుడు పోయిన మొగుడి దగ్గు బుద్రికి తెలియదా? పాట రికార్డు చేసిన రోజు పక్కనే నారు అందిస్తూ దగ్గాడు.

మాస్టరు గుండె పట్టుకుని దగ్గి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలేశారు.

"అలక్కాదు బాబూ," అంది బుద్రి. "మా ఆయన పొట్ట పట్టుకుని, నేలకి వొంగిపోయి దగ్గీవోడు."