సున్నం గుర్తులు

"కొండ సూపిచ్చేదానికి ఇద్దరెందుకంట? ఒక్కన్ని ఖాయం చేసి నెలజీతం ఇస్తారంట. రేపొచ్చే ఆఫీసరు చూసి సెప్తాడు" అన్నాడు తాలూకా కచేరీ బంట్రోతు నరసన్న.

శేషప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవర్ని?"

"అదేం మాటప్పా! ఆ ఆఫీసరు మాదన్న పేరు విని కదా వస్తాండేది. రేపు కొండెక్కించేది గూడా మాదన్నే."

శేషప్ప కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. మిగిలిన టీ తాగకుండానే లేచిపోయాడు.

కర్నూలు రాజధాని అయినప్పటి నుంచీ ఆదోని కోట చూడ్డానికి వచ్చే పెద్దవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకు దారి చూపేది ఈ ఇద్దరే. శేషప్పకు కోట సంగతులన్నీ నోటికొచ్చు. ఏ బురుజు ఎవరు కట్టారో, ఏ ఫిరంగి ఎటు పేలిందో అడక్కపోయినా చెబుతాడు. వినేవాళ్లు ఆవులిస్తారు. మాదన్నకు నాలుగు ముక్కలు కూడా రావు. కొండ మీద ఆంజనేయుడున్నాడంటూ చెప్పులు కిందే విడిచి, ఉత్తకాళ్లతో మెల్లగా ముందు నడుస్తాడు. మధ్యలో ఆగి, "ఏం కనపడ్తాంది సామీ?" అని వచ్చినవాళ్లనే అడుగుతాడు. వాళ్లేం చెప్పినా చంటిపిల్లాడిలా వింటాడు. అంతే. దిగి వచ్చేసరికి వాళ్లకు మాదన్న తప్ప ఇంకొకడు కనబడడు. ఇదెక్కడి న్యాయం?

పైగా దారి పొడవునా బండల మీద సున్నంతో బాణం గుర్తులు వేసింది శేషప్ప. సొమ్మొకడిది, సోకొకడిది. 'నా గుర్తులు సూసుకోని ఎక్కుతా నాకే ఎసరు పెడ్తాండాడు. ఆ గుర్తులే లేకపోతే వాడెంత!' అనుకున్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి కొండ నడుమ, దారి రెండుగా చీలే చోట, శేషప్ప సున్నం ముంతతో కూర్చుని ఉన్నాడు. కుడివైపు చూపించే బాణాన్ని తడిగుడ్డతో తుడిచాడు. ఎడమవైపుకు కొత్త బాణం గీశాడు. ఆ దారిలో ఇంకో నాలుగు గీశాడు. అది నేరుగా నాగజెముడు పొదల్లోకి పోయి ఆగిపోతుంది. ఆఫీసరు బట్టలు నాలుగు పీలికలయ్యాక, తాను పైనుంచి దిగి వెళ్లి "ఇట్ల రండి సామీ" అని కాపాడాలి. అప్పుడు చూద్దాం కొలువెవరిదో!

పై బురుజు చాటుకు పోయి నక్కాడు.

గంట తర్వాత ముగ్గురు కనిపించారు. ముందు మాదన్న, వెనక ఆఫీసరు, ఆయన వెనక చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని ఆయన భార్య. చీలిక దగ్గర ఆఫీసరు ఎడమవైపు వేలు చూపించి ఏదో అన్నాడు. మాదన్న పాదంతో నేలను ఒక్కసారి రాచి, చల్లగా కుడివైపుకు తిరిగాడు.

శేషప్ప పళ్లు పటపట కొరికాడు.

ముగ్గురూ పైకి వచ్చి బురుజు ముందున్న బండ మీద కూర్చున్నారు. చల్లటి గాలి. మాదన్న అడిగాడు, "ఏం కనపడ్తాంది తల్లీ?"

"అబ్బ, ఎంత బాగుందో! అటు నల్లరేగడి, ఇటు ఎర్రనేల. మసీదు మినార్లు కనపడుతున్నాయి. అదిగో రైలు!" ఆమె ఆయాసం మర్చిపోయింది.

"ఎమ్మిగనూరు దారిలో బండ్లుండాయా?"

"ఉన్నాయి. ఉండు... పదకొండు."

"పదకొండా! ఐతే ఈ పొద్దు గుడ్డల మూటలు బాగానే వస్తాండాయి" అని మాదన్న సంబరపడ్డాడు. ఆమె ఇంకా ఉత్సాహంగా మిల్లు గొట్టాలు లెక్కపెట్టసాగింది.

"ఇంతకాలం ఎన్నో కొండలెక్కాం కానీ, ఇలా చూపించినవాడు లేడండీ" అంది భర్తతో.

ఆ మాట శేషప్ప చెవిలో సీసంలా పడింది. ఇక ఆగలేకపోయాడు. చాటు నుంచి ఒక్క ఉదుటున బయటికొచ్చాడు.

"ఒరే మాదన్నా! గుర్తు ఎడమకుంటే నువ్వు కుడికెందుకు తిరిగినావురా?"

అడిగాక నాలుక్కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆఫీసరు అతని వేళ్ల వైపు చూశాడు. వాటికి సున్నం ఇంకా అంటుకునే ఉంది.

"ఓహో, ఆ గుర్తులు మార్చింది నువ్వా? మేం ముళ్లల్లో పడాలనా?" ఆఫీసరు లేచి నిలబడ్డాడు. "ఈ మనిషి ఇక కొండ ఛాయలకు రాకూడదు. మాదన్నా, ఈ కొలువు నీదే."

శేషప్పకు ఉన్న కూడూ పోయింది. తలవంచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ పక్కకు జరిగాడు.

"నాకొద్దు సామీ" అన్నాడు మాదన్న. "శేషప్పకే ఇయ్యండి. కోపంలో ఏదో చేసినాడు గానీ, కొండ సంగతి వానికి తెలిసినట్ల ఎవురికీ తెల్దు."

"నిన్ను ముంచాలని చూసినవాడికా! నీకేం తక్కువయ్యా?"

మాదన్న నవ్వాడు. శేషప్ప అంతకుముందు నిలబడిన ఖాళీ చోటు వైపే ఇంకా చూస్తూ అన్నాడు:

"నాకు సూపు పోయి రెండేండ్లాయె సామీ. కొండ సూపిచ్చేటోనికి కండ్లుండల్ల గదా!"