మెత్తని రేకు

"మేడం, గీ రేకును మళ్లొక్కసారి పరీక్ష చేస్తరా?"

క్యాథరిన్ తలెత్తింది.

ఎదురుగా ఓ ముసలాయన. చేతిలో వంగిపోయిన రేకు క్లిప్పు.

కరీంనగర్‌లోని ఆ చిన్న ల్యాబులో లోహాల గట్టిదనం పరీక్షించేది ఇప్పుడు ఆమె ఒక్కతే. తోటి ఉద్యోగి మానేశాక అతని పని కూడా ఆమె మీదే పడింది. పొద్దుటి నుంచి నిలబడే ఉంది. భుజాలు లాగుతున్నాయి.

"ఎవరిదిది?"

"రిబ్కమ్మ వర్క్స్‌ది. లక్సెట్టిపేట. గీ రేకుతోనే ఉట్నూర్ దిక్కు హాస్టలుకు రెండంతస్తుల మంచాలు పోయినయ్. పై మంచాన్ని పట్టి ఉంచేది గీ క్లిప్పే."

"దానికి రిపోర్టు ఇచ్చినం కద. రేకు గట్టిగనే ఉన్నది."

"కాయితంల గట్టిగనే ఉన్నది బిడ్డా. గిదే రేకు మంచం మా ఇంట్ల ఒకటున్నది. పక్కింటి పోరగాళ్లు ఎక్కి దుంకితే గిట్ల ఒంగింది. హాస్టల్ల పరుపులింకా రాలే. వచ్చినంక పిల్లలు పైన పండుతరు. జర మళ్ల చూడుండ్రి. కొత్త కాయితం లేకుంటే నా మాట ఎవ్వలూ నమ్ముతలేరు."

ఇలాంటివాళ్లను ఆమె చాలామందినే చూసింది. ఒక షాపు సరుకు పాసయితే చాలు, ఇంకో షాపువాడు వంక పట్టుకుని వస్తాడు.

"నీ పేరేంది?"

"ఆశీర్వాదం."

"రిబ్కమ్మ మీద నీకేం పగ? ఆడామె కష్టపడి షాపు నడుపుకుంటుంటే ఓర్వలేవా?"

ముసలాయన క్లిప్పును వేళ్లతో నిమిరాడు.

"ఆమె పేరు చెడిపోవద్దనే వచ్చిన బిడ్డా," అన్నాడు.

"చాలు. నాకింకా పనున్నది. పో పెద్దాయనా."

క్లిప్పును బల్ల మీద పెట్టి ఆయన వెళ్లిపోయాడు.

ఆ వారమంతా అది అక్కడే ఉంది. క్యాథరిన్ దాని పక్కనే టీ తాగింది, దాని పక్కనే అన్నం తిన్నది.

శనివారం బల్ల సర్దుతూ, ఎందుకో మనసు ఊరుకోక, మొదటిసారి పరీక్షించిన ఆ రేకు ముక్కను వెతికి తీసింది. తిరగేసి చూసింది.

పైన గోళీ నొక్కిన చోటే, వెనుక వైపు మెరుస్తూ ఓ చిన్న బుడిపె.



గట్టిదనం కొలిచే యంత్రం బరువు పెట్టి ఓ ఉక్కు గోళీని లోహం మీద నొక్కుతుంది. ఎంత లోతుకు దిగితే అంత మెత్తన. రేకు పలచనైతే బరువు తగ్గించాలి. తగ్గించకపోతే ఆ నొక్కుడు రేకును దాటి కింద ఆనించిన ఉక్కు దిమ్మెకు తగులుతుంది. అప్పుడు ముల్లు చూపించే గట్టిదనం రేకుది కాదు, దిమ్మెది.

ఇది ఆమెకు తెలియంది కాదు. ఆ రోజు బరువు మార్చే ఓపిక లేకపోయింది, అంతే.

ఇప్పుడు మార్చి నొక్కింది. ముల్లు బాగా కిందికి పడిపోయింది.

ల్యాబు యజమాని శ్రీహరికి ఫోన్ చేసింది.

"పోయిన రిపోర్టును ఇప్పుడు గెలుకుడెందుకు క్యాథరిన్?" అన్నాడాయన.

ఆమె ఫోన్ పెట్టేసింది. కొత్త రిపోర్టు రాసి సంతకం పెట్టింది. రిబ్కమ్మ వర్క్స్‌కు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం చర్చి నుంచి అటే బస్సెక్కి లక్సెట్టిపేటలో దిగింది.

షాపు షట్టరు దించి ఉంది. పక్క జాగాలో విప్పిన మంచాలు కుప్పగా పడి ఉన్నాయి. ఎదురింటి గడప మీద ఓ ముసలామె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పేరు లస్మవ్వట.

"గీ షాపోళ్లు లేరా అవ్వా?"

"మూసిండ్రు బిడ్డా. హాస్టల్ల బిగిచ్చిన మంచాలన్నీ వాపసు ఇప్పుకచ్చిండ్రు. కాయితం మంచిగున్నంక ఎందుకు ఇప్పుతున్నవ్, పిచ్చి లేసిందా అని హాస్టల్ సార్లు తిట్టిండ్రట. రేకు అమ్మినోడు గదే కాయితం చూపిచ్చి రేకు వాపసు తీసుకోలే. ఇగ ఎవ్వలు పని ఇస్తరు?"

క్యాథరిన్ సంచిలోంచి కొత్త రిపోర్టు తీసింది.

"రిబ్కమ్మ ఏడున్నది అవ్వా? ఆమెను కలవాలె. ఓ పెద్దాయన వచ్చి మొత్తుకుంటే నేను ఇనలే. తప్పు నాదేనని ఆమెకు చెప్పాలె."

లస్మవ్వ చేతులు ఆగిపోయాయి. ఆమె క్యాథరిన్ ముఖంలోకి చూసింది.

"రిబ్కమ్మ కరోనలనే పాయె గద బిడ్డా. ఆమె పేరు మీద షాపు నడుపుకుంట వచ్చి, మొన్న గీ మంచాలు దించి, ఆదిలాబాద్ దిక్కు కూలికి పోయింది ఆమె మొగడు ఆశీర్వాదం."