సిందూరం పూసిన రెండు సీసాలు

విశ్వకర్మ పూజనాడు మా కలకత్తా ప్రయోగశాలలో ప్రతి యంత్రానికీ సిందూరం పెట్టాను. ఆ ఊపులో కణాలు పెంచే రెండు సీసాలకీ పూసేశాను. ఒకదాంట్లో మంచి కణాలు, ఇంకోదాంట్లో క్యాన్సర్ కణాలు.

"లాల్టూ, గాడిదా! తుడిచెయ్యి!" అని అరిచాడు మా పెద్ద సైంటిస్టు త్రిదిబ్ బాబు. స్పిరిటుతో తుడిచాను. సిందూరంతోపాటు సీసాల మీద రాసిన పేర్లూ పోయాయి.

"ఏది ఏదో మూడు రోజుల్లో తేల్చు. లేదా గేటు బయటికి నడువు."

తుడవమన్నది ఆయన. బయటికి పోవలసింది నేను!

నాలుగేళ్ళుగా ఇక్కడ సీసాలు కడుగుతూ విన్నదే నా చదువు. 'పెరగండి' అని కణాలకి కబురు మోసేది సీరం. దాన్ని రెండు సీసాలకీ ఆపేశాను. మూడోనాటికి ఒకదాంట్లో కణాలు కబురు కోసం బుద్ధిగా కూర్చున్నాయి. రెండోదాంట్లో పిలవని పెళ్ళికి వచ్చిన మందలా ఒకదానిమీద ఒకటి ఎక్కి మరీ పెరిగాయి.

"ఇదే సార్, రోగం సీసా."

ఆయన సూక్ష్మదర్శినిలో చూసి మూతి ముడిచాడు. "సరే, తేల్చావు. సీరం ఆపమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"ఎవరూ చెప్పకుండా చెలరేగేదాన్నే రోగం అంటార్రా!"

"ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టనిదాన్ని కూడా అంటారు సార్. పర్మినెంటు చెయ్యమని మీకు ఐదు అర్జీలు ఇచ్చాను."

త్రిదిబ్ బాబు మళ్ళీ సూక్ష్మదర్శిని మీదికి వంగాడు.

"ఆఁ? ఏమన్నావు?"