పళ్ళ మధ్య సందు

నా సంతోషం ఎవరికి చెప్పుకోను? పోయిన నా కొడుకు పనితనం ఈ సాయంత్రం కంప్యూటర్లో కనిపించింది.

వాడి గేర్ల పని ఇప్పుడు మా కోడలు చూస్తోంది, బంగారుతల్లి. ఒక ప్రోగ్రాం గేరు పళ్ళ లెక్క కడుతుంది, ఇంకొకటి బొమ్మ గీస్తుంది. లెక్క బొమ్మలోకి వెళ్ళేసరికి పళ్ళ మధ్య సందు వెంట్రుకవాసి పెరుగుతోంది. ఈ రోజు సరిచేసి పంపకపోతే ఫ్యాక్టరీవాళ్ళు పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

“ఎన్నిసార్లు చేసినా ఇదే సందు మావయ్యా. అచ్చం ఆయన పెట్టేదే.”

“వాడంతేనమ్మా. పళ్ళకి కాస్త ఊపిరాడాలనేవాడు. లెక్క మాట ఏనాడు విన్నాడు గనక?” నాకు నవ్వూ ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు. “ఆ రెండింటినీ కలిపే ప్రోగ్రాం వాడు రాసిందే కదా. అందులో ఉండిపోయి ఉంటుంది. తీసెయ్యి తల్లీ, నీ పని ముఖ్యం.”

కోడలు కీబోర్డు మీంచి మెల్లగా చేతులు తీసింది.

“అది నిన్ననే తీసేసి కొత్తది కొన్నాను మావయ్యా. దీన్ని ఆయన ముట్టుకోనేలేదు.”

“అయితే వాడు పెట్టిందే పంపెయ్యమ్మా” అన్నాను. లేచి, ఆమె పక్కనున్న నా కుర్చీ వాడికి ఖాళీ చేశాను.