పడని మందు

కొండదారి బస్సు డ్రైవరు చొక్కా విప్పగానే చర్మవ్యాధుల డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుంది. మెడ నుంచి నడుము దాకా ఎర్రటి దద్దుర్లు. గీరిన చోటల్లా రక్తపు చారలు.

"డ్యూటీ ఎక్కనివ్వడం లేదు మేడమ్. అంటురోగమేమోనని జనం ముందు సీట్లో కూర్చోవడం లేదట. 'ఫిట్' అని రాయించుకొస్తేనే స్టీరింగ్, లేకపోతే గ్యారేజీలో బస్సులు కడుక్కోమన్నాడు మేనేజరు."

"మందులేమైనా వాడుతున్నారా?"

"ఛఛ, మందా! దాని వాసన చూసినా నాకు తల తిరుగుతుంది మేడమ్."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. "నేనడిగింది ఆ మందు కాదయ్యా..."

"దోమల మందు ఉందిగా, అది చెప్పరేం?" అని భార్య సంచిలోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. "కొండ మీద చివరి స్టాపులో బస్సులోనే పడక మేడమ్. ఈ క్రీము పూసుకోనిదే కన్ను మూతపడదు."

"ఎప్పటి నుంచి?"

"వానలు మొదలైనప్పటి నుంచి. దద్దుర్లు ఆ తరవాతే."

"వీపుకు కూడా పూస్తారా?"

డ్రైవరు ఒక్క క్షణం తడబడ్డాడు. "చొక్కాలోంచి కూడా కుట్టి చంపుతాయి మేడమ్."

ఆ జవాబు ఆమెకు పూర్తిగా రుచించలేదు. అయినా ముందు క్రీము, వెనక దద్దుర్లు, వరస సరిపోయింది. "ఇది మీ ఒంటికి పడలేదు. వెంటనే మానెయ్యండి. నోట్లో పుండ్లు లేచాయంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా రండి. ప్రాణం మీదికి వస్తుంది."

ఆ సాయంత్రం కండక్టరు చూడటానికి వచ్చాడు. క్రీము కొనిపించింది అతనే.

"అదే ట్యూబు నేను మొహానికి కూడా పూసుకున్నాను బావా. నాకేం కాలేదే?"

"నీది మనిషి చర్మమైతేగా అన్నయ్యా!" అంది డ్రైవరు భార్య. "దున్నపోతుకు దోమల మందు ఏం చేస్తుంది?"

డ్రైవరు నవ్వలేదు. "ఇది తగ్గకపోతే?"

"తగ్గకపోతే చీపురు పట్టు. బస్సు కడగడం మాత్రం బస్సు పని కాదా?"

"స్టీరింగ్ వదిలిన రోజు నేను లేనట్టే రా."

తగ్గింది. ముందు దురద పోయింది, తరవాత ఎరుపు. పొట్టు రాలి, కింద కొత్త చర్మం కనిపించింది. డాక్టరమ్మ సంతోషంగా 'ఫిట్' అని సంతకం పెట్టింది. డిపోలో మిగతా డ్రైవర్లు కూడా భయపడి తమ ట్యూబులు పారేశారు.

అతను మళ్లీ డ్యూటీ ఎక్కిన ఉదయం బస్సు కిటకిటలాడింది.

"ధైర్యంగా కూర్చోండమ్మా," అని కండక్టరు అరిచాడు. "మా బావకు పడనిది దోమల మందొక్కటే. మీరంతా పడతారు!"

జనం గొల్లుమన్నారు. చంటిబిడ్డతో ఒకామె ముందు సీట్లో కూర్చుంది. బస్సు ఊరు దాటి, ఘాట్ రోడ్డు ఎక్కి, లోయ అంచున మొదటి మలుపు తీసుకుంది.

క్రీము ఆపిన రోజే, పొరుగూరి డాక్టరు దగ్గర ఎవరికీ తెలియకుండా రాయించుకుని వానల మొదట్నుంచీ మింగుతున్న ఫిట్స్ మాత్రలు కూడా ఆపేసిన సంగతి, ఆ బస్సులో స్టీరింగ్ తిప్పుతున్న మనిషికి ఒక్కడికే తెలుసు.