నలభై రెండో వస్తువు

"నలభై ఒకటి, తూకం యంత్రం. ఉంది," అంటూ టిక్కు పెట్టాడు కంపెనీ లాయరు. "నలభై రెండు, కాంపౌండరు, ఒకటి."

"ఉన్నాను," అన్నాడు కాంపౌండరు, మందుల గది కిటికీలోంచి తల బయటపెట్టి.

లాయరు పెన్ను మూత బిగించాడు. "విన్నారా మేడం? ముప్పై ఏళ్ల కిందట సర్కారు ఈ ఆసుపత్రిని మా కంపెనీ చేతికిచ్చినప్పుడు, ఎవడో టైపిస్టు నిద్రమత్తులో మనిషిని వస్తువుల పట్టికలో కొట్టేశాడు. పట్టికలోవి ఏవీ తీసెయ్యకూడదు, గడువు తీరాక పనిచేసే స్థితిలో తిరిగి అప్పగించాలి. అది తొమ్మిదో నిబంధన. పాతవాళ్లందర్నీ పంపించేశాం గాని ఈయన్ని కదపలేకపోయాం."

"వస్తువుకి రిటైర్మెంటు ఉండదు కదండీ," అన్నాడు కాంపౌండరు. "అరవై మూడు నిండాయి. మోకాళ్లు కిర్రుమంటాయి గాని, పనిచేసే స్థితిలోనే ఉన్నాను. కావాలంటే తూకం వేసుకోండి."

సర్కారు తరఫున వచ్చిన అధికారిణి నవ్వలేదు. కిటికీ ముందున్న పాత చెక్కబెంచీ మీద కూర్చుని ఫైలు ఒళ్లో పెట్టుకుంది. రేపు మరో ముప్పై ఏళ్లకు కొత్త ఒప్పందం. అందులో నలభై రెండు లేకపోతే ఎల్లుండి నుంచి కాంపౌండరు ఇంట్లో కూర్చోవాలి.

"ఆ టైపిస్టుని మీరు మంచి చేసుకున్నారా?" కటువుగా అడిగింది.

"ఏం పెట్టి మంచి చేసుకోనమ్మా? అప్పట్లో నా దగ్గరున్నది ఎర్రమందు ఒక్కటే. చేదు తెలీకుండా కోతలు కోసి తాగించేవాణ్ణి. ఈ మందు తాగిన ముసలాయన ఏరు ఈదేసి, చెప్పులు మర్చిపోయానని మళ్లీ ఈదుకుంటూ వచ్చాడని చెప్పేవాణ్ణి. మీరు కూర్చున్న బెంచీ మీదే ఒక పెద్దావిడ మూడు నెలలు తాగింది. కోత కొయ్యందే గుక్క దిగేది కాదు. పక్కన కూతురు ఒళ్లో అట్ట పెట్టుకుని పది వేళ్లతో దరువేస్తుండేది. కచేరీ ఎప్పుడమ్మాయ్ అంటే సిగ్గుపడేది. తల్లి నడుచుకుంటూ ఇంటికెళ్లింది. ఆ పిల్ల ఏమైందో మరి."

"ఈ పురాణం తర్వాత," అన్నాడు లాయరు. "కొత్త పట్టికలో ఈ తప్పు దిద్దేద్దాం మేడం."

"అలాగే. అన్ని తప్పులూ దిద్దుదాం," అంది ఆవిడ ఫైలు తెరవకుండానే. "పదిహేడు, ఆపరేషన్ బల్లలు రెండు. నేను చూసింది ఒకటే. ఇరవై తొమ్మిది, ఎక్స్‌రే యంత్రం. అది మీ కంపెనీ వేరే ఆసుపత్రిలో ఉందటగా?"

లాయరు గొంతు సవరించుకున్నాడు. "పాత సామాను కదండీ."

"పట్టికలో తప్పుందంటే అన్నీ దిద్దాలి, లేనివాటికి మీ కంపెనీ డబ్బు కట్టాలి. లేదంటే ఏదీ అక్కర్లేదు. మీ ఇష్టం."

లాయరు పట్టిక మడిచాడు. "పాత పట్టికనే జత చేద్దాం లెండి."

"అంటే ఇంకో ముప్పై ఏళ్లు బతకాలా?" అన్నాడు కాంపౌండరు. "మంచి చిక్కే తెచ్చిపెట్టారు."

"నిబంధన నిబంధనే. పనిచేసే స్థితిలో ఉండాలి," అంది ఆవిడ.

లాయరు కాయితాలు సర్దుకుంటూ గొణిగాడు. "అరవై వస్తువులు సరిగ్గా కొట్టిన చెయ్యి, ఒక్క మనిషి దగ్గరే ఎలా తప్పిందో."

ఒళ్లో ఫైలు మీద ఆవిడ పది వేళ్లూ టైపు కొడుతున్నాయి.